నొప్పి చోటు తేల్చకుండా మందు వద్దు

(ఎల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృతిలో చేసిన ఉపన్యాస పాఠం)



1895లో భీమవరంలో పుట్టి, 1948లో న్యూయార్క్‌లో కన్నుమూసిన జీవరసాయన శాస్త్రవేత్త సుబ్బారావు గారిని తలచుకున్నప్పుడల్లా మనవాళ్లు రక్త క్యాన్సర్ మందును, బోదకాలు మందును, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను చెప్పుకుంటారు. కీళ్ల జబ్బుల విషయంలో ఆయనకు మనం పడ్డ రుణం మాత్రం అంతగా ప్రస్తావనకు రాదు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన నడిపించిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ వెంటనే, అదే ఫోలిక్ ఆమ్లం పనికి అడ్డుపడే అమినాప్టెరిన్ వంటి పదార్థాలనూ తయారుచేసింది. 1947 చివర్లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు అమినాప్టెరిన్ ఇచ్చి చూశారు. 1951లో వైద్యుడు గబ్నర్, ఆయన సహచరులు ఆ మందే రుమటాయిడ్ కీళ్లవాతంలో వాపును తగ్గిస్తోందని గమనించారు. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్‌ను రుమటాయిడ్‌కు వాడవచ్చని అమెరికా ప్రభుత్వం 1988లో అనుమతించింది. ఇవాళ ప్రపంచమంతటా ఆ జబ్బుకు డాక్టర్లు మొట్టమొదట రాసే మందు అది. దాని చెడు ప్రభావాలు తగ్గడానికి తోడుగా ఫోలిక్ ఆమ్లం మాత్ర రాస్తారు. అంటే ఆ చీటీ మీది రెండు మందుల మూలాలూ సుబ్బారావు గారి ప్రయోగశాలలోనే ఉన్నాయి.

అంత గొప్ప మందు కూడా, రోజంతా మోకాళ్ల మీద కూర్చుని టైల్స్ పరిచే మేస్త్రీకి మోకాలి చిప్ప ముందు వచ్చిన వాపుకు ఎందుకూ పనికిరాదు. ఆ మేస్త్రీకి పనికొచ్చే మోకాలి మెత్త, చేతివేళ్ల కణుపులు వాచి పొద్దున్నే జడ వేసుకోలేని అమ్మాయికి పనికిరాదు. ఇద్దరూ చెప్పేది కీళ్ల నొప్పులనే. ఇద్దరికీ మందుల షాపులో దొరికేది ఒకే నొప్పి మాత్ర. నేను ఈ సాయంత్రం చెప్పదలచింది ఒక్కటే. మన దగ్గర కీళ్ల బాధలు ఇంతగా ముదరడానికి కారణం మందులు లేకపోవడం కాదు. నొప్పి కీలులో పుట్టిందా, కీలు చుట్టూ ఉన్న మెత్తని భాగాల్లో పుట్టిందా, ఒళ్లంతటికీ సంబంధించిన జబ్బు కీలులో కనబడుతోందా అని తేల్చకుండానే చికిత్స మొదలుపెట్టడం. ఆ తేల్చే పనికి చాలాసార్లు చెయ్యి, కన్ను, నాలుగు ప్రశ్నలు సరిపోతాయి. పుణె జిల్లా భిగ్వాన్‌లో 1996లో ఇంటింటికీ తిరిగి చేసిన సర్వేలో పెద్దవాళ్లలో నూటికి దాదాపు 18 మందికి కండరాల, కీళ్ల బాధలు ఉన్నట్టు తేలింది. మొత్తం పెద్దవాళ్లలో రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్నది అర శాతం మందికే. మిగతావాళ్లలో ఎక్కువమందివి అరుగుదల, మెత్తని భాగాల నొప్పి, పేరు పెట్టలేని సలుపు. నొప్పి ఇంతమందిది, ముంచుకొచ్చే జబ్బు కొద్దిమందిది. ఈ రెండు రకాల వాళ్లనూ ఒకే వరుసలో నిలబెట్టి ఒకే మందు ఇస్తే మొదటివాళ్లకు అక్కరలేని మందు పడుతుంది, రెండోవాళ్లకు అందాల్సిన మందు అందదు.

ముందుగా బర్సా గురించి చెప్పాలి, మనకు బాగా తక్కువ తెలిసిన భాగం అదే కనుక. ఎముక మీద చర్మం గాని, స్నాయువు గాని రాసుకునే చోటల్లా శరీరం ఒక పలచని సంచిని అమర్చుకుంది. లోపల కొద్దిపాటి జిగురు ద్రవం ఉంటుంది. ఒకదాని మీద ఒకటి పెట్టిన రెండు గాజు పలకల మధ్య నీటి చుక్క ఉంటే అవి ఎంత తేలిగ్గా జారతాయో, ఈ సంచి ఉన్నచోట చర్మమూ స్నాయువూ ఎముక మీద అంత తేలిగ్గా జారతాయి. మనిషి ఒంట్లో ఇలాంటివి 150 దాకా ఉన్నాయి. వాటి మీద అదేపనిగా ఒత్తిడి పడితే లోపలి పొర వాచి ద్రవం ఎక్కువవుతుంది. అదే బర్సైటిస్. ఇది ఎక్కువగా పని తెచ్చిపెట్టే బాధ. పాత ఇంగ్లిష్ వైద్యులు ఈ వాపులకు పనిమనిషి మోకాలు, గని కార్మికుడి మోచెయ్యి, నేతగాడి పిరుదు అని వృత్తుల పేర్లే పెట్టారు. అంతకు చాలా ముందే, 1700లో, ఇటలీలోని మోడెనాలో బెర్నార్దినో రామజ్జినీ వృత్తి రోగాల మీద రాసిన గ్రంథంలో, రోగిని అడగాల్సిన పాత ప్రశ్నలకు ‘నువ్వేం పని చేస్తావు’ అన్న ప్రశ్నను కూడా చేర్చమని వైద్యులకు చెప్పాడు. మన గుంట మగ్గాల మీద గంటల తరబడి పలక అంచున కూర్చునే నేతన్నకు పిరుదు ఎముక కింద, బాసింపట్టు వేసుకుని పనిచేసేవాళ్లకు చీలమండ బయటి ఎముక మీద, టైల్స్ మేస్త్రీకి మోకాలి చిప్ప మీద, బల్ల మీద మోచెయ్యి ఆన్చి కూర్చునే గుమస్తాకు మోచేతి కొనన ఈ వాపు వస్తుంది. ఏ పని చేస్తున్నారో అడగని డాక్టరుకు వీటిలో సగం అర్థం కావు.

చెయ్యి వేసి చూస్తే ఏం తెలుస్తుందో ఒక మోకాలిని తీసుకుని చూద్దాం. చిప్ప ముందు కోడిగుడ్డంత మెత్తని ఉబ్బు ఉండి, మోకాలు చాపి ఉంచినప్పుడు మనిషి హాయిగానే ఉండి, బాగా ముడిచినప్పుడు మాత్రం చర్మం సాగి నొప్పి పెడుతుంటే, నీరు చేరింది కీలులో కాదు, చిప్ప మీది బర్సాలో. చిప్పకు అటూ ఇటూ, పైనా వాపు నిండి, కాలు పూర్తిగా చాపలేక, పూర్తిగా ముడవలేక ఉంటే నీరు కీలు లోపలే ఉంది. వాపు పెద్దగా లేకుండా, మెట్లెక్కేటప్పుడూ కుర్చీలోంచి లేచేటప్పుడూ మోకాలి లోపలి పక్క, కీలు గీతకు రెండు మూడంగుళాల కింద వేలితో నొక్కితే రోగి ఉలిక్కిపడితే, అక్కడ మూడు స్నాయువులు కలిసి ఎముకను పట్టుకునే చోట ఉన్న బర్సాను, ఆ స్నాయువులను అనుమానించాలి. బరువు ఎక్కువున్న నడివయసు ఆడవాళ్లలో, షుగరు ఉన్నవాళ్లలో ఇది తరచుగా కనిపిస్తుంది. వాళ్లలో చాలామంది ‘గుజ్జు అరిగిపోయింది’ అని చెప్పించుకుని వచ్చినవాళ్లే. గుజ్జు కొంత అరిగి ఉండవచ్చు కూడా. కాని ఆ రోజు వాళ్లను మెట్లెక్కనివ్వనిది ఆ రెండంగుళాల కింది చోటు. ఇంకో సూత్రం కూడా ఉంది. రోగి తనంతట తాను కదిపితే నొప్పి పుట్టి, మనం పట్టుకుని మెల్లగా కదిపితే అంత నొప్పి లేకపోతే బాధ ఎక్కువగా కీలు బయటిది. ఎవరు ఎటు కదిపినా నొప్పి పుడితే కీలునే చూడాలి. ఈ పరీక్షకు అయిదు నిమిషాలు పడుతుంది, ఖర్చేమీ లేదు.

చోటును తప్పుగా గుర్తించడం పల్లెటూళ్లకే పరిమితం కాదు. తుంటి పక్క ఎముక మీద నొప్పి వచ్చి ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోతే దశాబ్దాల పాటు పెద్ద పెద్ద వైద్యులు కూడా బర్సైటిస్ అనే అన్నారు, ఆ సంచిలోకి ఇంజెక్షన్ ఇచ్చారు. అలాంటి నొప్పి ఉన్న 877 మందిని అల్ట్రాసౌండ్‌తో చూసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో బర్సా వాచి ఉన్నది అయిదుగురిలో ఒక్కరికే. దాదాపు సగం మందిలో దెబ్బతిన్నది పిరుదు కండరాల స్నాయువు. చోటు మారితే చికిత్స మారుతుందా అంటే, ఆస్ట్రేలియాలో 204 మంది మీద జరిగి 2018లో వెలువడిన పరీక్ష జవాబిచ్చింది. ఒక జట్టుకు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఒక జట్టుకు ఏమీ చేయకుండా ధైర్యం చెప్పి వేచి చూశారు. మూడో జట్టుకు ఎలా నిలబడాలో, ఎలా పడుకోవాలో నేర్పి, ఎనిమిది వారాల పాటు తుంటి కండరాలకు వ్యాయామం చేయించారు. ఒంటి కాలి మీద బరువు వేసి తుంటి పక్కకు వదిలేసి నిలబడవద్దు, కాలు మీద కాలు వేసుకోవద్దు, పక్కకు పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోండి అన్నవి వాళ్లకు నేర్పిన సంగతులు. ఎనిమిది వారాలకు బాగా నయమైందన్నవాళ్లు వ్యాయామం జట్టులో నూటికి 77 మంది, ఇంజెక్షన్ జట్టులో 58 మంది, వేచి చూసిన జట్టులో 29 మంది. ఏడాది గడిచాక వ్యాయామం జట్టు 79 దగ్గర నిలిచింది, ఇంజెక్షన్ జట్టు 58 దగ్గరే ఉండిపోయింది, ఏమీ చేయని జట్టు తనంతట తానే 52కు చేరింది. ఇంజెక్షన్‌కు, ఊరకే ఉండటానికి మధ్య ఏడాది తర్వాత మిగిలిన తేడా ఎంతో చూడండి.

ఇక్కడ వచ్చే మొదటి అభ్యంతరం స్కానింగు గురించి. చేతి పరీక్ష డాక్టరును బట్టి మారుతుంది, ఎమ్మారై యంత్రం అబద్ధం చెప్పదు కదా అంటారు. యంత్రం అబద్ధం చెప్పదు, నిజమే. అయితే నొప్పికి సంబంధం లేని నిజాలు కూడా చెబుతుంది. అమెరికాలోని ఫ్రామింగామ్‌లో ఎక్స్‌రేలో అరుగుదల లేని, 50 దాటిన 710 మంది మోకాళ్లకు ఎమ్మారై తీశారు. నూటికి 89 మందిలో ఏదో ఒక లోపం కనబడింది. విశేషమేమిటంటే నొప్పి ఉన్నవాళ్లలోనూ, నొప్పి లేనివాళ్లలోనూ దాదాపు అంతే. కాబట్టి స్కానింగు కాగితం మీద చీలిక, అరుగుదల, ‘గ్యాప్’ అని చదివి అదే నొప్పికి కారణమని తీర్మానించడానికి వీల్లేదు. ఆ తీర్మానం మీద నిలబడ్డ ఆపరేషన్లు పరీక్షలో ఎలా తేలాయో కూడా తెలుసు. అరిగిన మోకాలిలోకి గొట్టం దూర్చి కడిగి శుభ్రం చేసే ఆపరేషన్‌ను, ఉత్తుత్తి కోత కోసి కుట్టడంతో 180 మందిలో పోల్చిన హ్యూస్టన్ పరిశోధన 2002లో వచ్చింది. రెంటికీ ఫలితంలో తేడా లేదు. భుజం ఎముక కింద బర్సాను, ఎముక కొసను చెక్కే ఆపరేషన్‌ను బ్రిటన్‌లో అలాగే పోల్చినప్పుడు కూడా, 2018లో, రోగికి తెలిసేంత మేలు కనబడలేదు. స్కానింగు వద్దని నేను అనడం లేదు. దెబ్బ తగిలినప్పుడు, జ్వరం ఉన్నప్పుడు, రాత్రి నిద్రలేపే నొప్పి ఉన్నప్పుడు, బరువు తగ్గిపోతున్నప్పుడు అది కావాలి. చెయ్యి వేసి ఒక అనుమానానికి వచ్చాక, దాన్ని నిర్ధారించుకోవడానికి కావాలి.

రెండో అభ్యంతరం ఇంజెక్షన్ పక్షాన ఉంటుంది. ఒక్క సూదితో వారంలో లేచి తిరిగినవాళ్లు ఎందరో ఉండగా దాన్ని ఎలా కాదంటారని. కాదనను. బర్సాలో నిజంగా వాపు ఉండి, విశ్రాంతికి, మెత్తకు, మాత్రకు లొంగకపోతే ఒకసారి ఇంజెక్షన్ ఇవ్వడం మంచి వైద్యమే. చెడ్డది అలవాటుగా మారడం. మోకాలి అరుగుదల ఉన్న 140 మందిలో సగం మందికి మూడు నెలలకోసారి స్టెరాయిడ్, మిగతావాళ్లకు ఉప్పునీళ్లు రెండేళ్లు ఇచ్చి చూసిన పరీక్ష 2017లో వెలువడింది. నొప్పిలో తేడా లేదు, స్టెరాయిడ్ జట్టులో గుజ్జు మరింత పలచబడింది. ఇంకో ప్రమాదం అంతకంటే దగ్గరిది. మోచేతి కొనన, మోకాలి చిప్ప మీద వచ్చే బర్సా వాపుల్లో దాదాపు మూడో వంతు చర్మం గీరుకుపోయి సూక్ష్మజీవులు లోపలికి చేరినవి. చర్మం ఎర్రబడి, ముట్టుకుంటే కాలుతూ, జ్వరం ఉంటే ఆ సంచిలోంచి ద్రవం తీసి పరీక్షకు పంపాలి, యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. అక్కడ స్టెరాయిడ్ పొడిచినా, వేడి కాపడం పెట్టినా, నూనె రాసి గట్టిగా మర్దన చేసినా చీము పెరుగుతుంది. కాపడం, నూనె మర్దన పాతకాలపు ముతక వైద్యమని తీసిపారేయక్కరలేదు, బిగుసుకుపోయిన కండరానికి అవి హాయినిస్తాయి. ఎర్రటి వాపు మీద మాత్రం వద్దు. ఇక ఒక పెద్ద కీలు ఉన్నట్టుండి వాచి, జ్వరంతో కదపలేకుండా ఉంటే అది అదే రోజు ఆసుపత్రికి వెళ్లాల్సిన పరిస్థితి. కీలులో చీము పడితే గుజ్జు రోజుల్లోనే నాశనమవుతుంది.

ఇంతవరకు తొందరపడి ఎక్కువ చికిత్స చేయడం గురించి చెప్పాను. రుమటాయిడ్ విషయంలో మన తప్పు దీనికి పూర్తిగా ఎదురు, అక్కడ ఆలస్యం చేస్తున్నాం. పొద్దున లేవగానే చేతివేళ్లు గంటసేపు బిగుసుకుపోయి, రెండు చేతుల కణుపులూ వాచి, పని చేసేకొద్దీ కాస్త తేలికపడుతూ ఆరు వారాలు దాటితే దాన్ని అరుగుదల అనుకోకూడదు. అరుగుదలలో పొద్దుటి పట్టు అరగంట లోపు వదులుతుంది, పని చేసేకొద్దీ నొప్పి పెరుగుతుంది. రుమటాయిడ్‌లో మొదటి మూడు నాలుగు నెలలు చాలా విలువైనవి, అప్పుడు మొదలుపెట్టిన మెథోట్రెక్సేట్ వేళ్లు వంకరపోకుండా కాపాడుతుంది. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఈ జబ్బు రెండు మూడు రెట్లు ఎక్కువ. ఇంటిపని వల్ల వచ్చిన నొప్పిలే అని అందరూ, చాలాసార్లు వాళ్లే, సరిపెట్టుకునేది కూడా వాళ్ల నొప్పినే. ఆ విలువైన నెలలు ఎక్కడ పోతున్నాయంటే, పేరు లేని పొట్లాల దగ్గర పోతున్నాయి. మూడు రంగుల మాత్రలు కలిపి కాగితంలో చుట్టి ఇచ్చే పొట్లంలో, కొన్ని ‘మూలికల’ పొడుల్లో స్టెరాయిడ్ కలుస్తోంది. వేసుకున్న రెండో రోజుకు నొప్పి మాయమవుతుంది కాబట్టి నమ్మకం కుదురుతుంది. ఆరు నెలలకు ముఖం గుండ్రంగా ఉబ్బి, షుగరు పెరిగి, ఎముకలు బోలుపడి, హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. లోపల రుమటాయిడ్ తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. మెథోట్రెక్సేట్ గురించి కూడా ఒక మాట గట్టిగా చెప్పాలి. కీళ్ల జబ్బుకు ఆ మాత్ర వారానికి ఒక్క రోజే. పొరపాటున రోజూ వేసుకుని నోరు పుండ్లై, రక్తకణాలు పడిపోయి చనిపోయినవాళ్లున్నారు. ఏ రోజున వేసుకోవాలో చీటీ మీద తెలుగులో రాసి ఇవ్వండి, ఫోలిక్ ఆమ్లం వేరే రోజున వేసుకోమనండి. గర్భం కోరుకునే వాళ్లకు ఆ మందు పనికిరాదని ముందే చెప్పండి.

నొప్పి మూలం కొన్నిసార్లు ఒంట్లోనే ఉండదు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో నడుము వంగని, మెడ తిరగని, కీళ్లు బిగుసుకుపోయిన మనుషులను చూసిన వైద్యులు కారణం బావి నీళ్లలోని ఫ్లోరైడ్ అని రాశారు. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు నల్లగొండ ఫ్లోరైడ్ ప్రాంతంలో పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని ప్రపంచం దృష్టికి తెచ్చారు. అలాంటి ఊరి మనిషికి నొప్పి మాత్ర రాసి నీళ్ల సంగతి అడగకపోతే అది వైద్యం కాదు. 2005 చివర్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ తలెత్తిన చికున్‌గున్యా తర్వాత నెలల తరబడి చేతులూ కాళ్లూ వాచినవాళ్లున్నారు. ఆ వాపుల్లో అధికభాగం కాలంతో తగ్గేవే. జ్వరం వచ్చిన సంగతి అడిగితే తెలుస్తుంది.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం కూలివాడిది. చోటు తేల్చుకునే తీరిక, వ్యాయామం నేర్చుకునే వసతి నాకెక్కడిది, మాత్ర వేసుకుంటేనే రేపటి కూలి అంటాడు. ఆ మాట నిజం. ఆ నిజాన్ని పక్కన పెట్టి విశ్రాంతి తీసుకోమని చీటీ మీద రాసేవాళ్లు రోగికి మేలు చేయడం లేదు. అయితే చాలా కీళ్ల బాధలకు పూర్తి విశ్రాంతి అక్కర్లేదు, మంచిది కూడా కాదు. కావలసింది భారం మార్చడం. మోకాలి కింద మెత్త వేసుకున్న మేస్త్రీ పని మానక్కర్లేదు. మగ్గం పలక మీద మందంగా దిండు వేసి గంటకోసారి లేచి నిలబడే నేతన్న నేత ఆపక్కర్లేదు. అరిగిన మోకాలికి కదలిక హాని చేస్తుందన్న భయం కూడా తప్పు. తొడ కండరం బలపడితే మోకాలి నొప్పి తగ్గుతుందని ఎన్నో పరీక్షల్లో తేలింది, ఆ ఉపశమనం నొప్పి మాత్రల కంటే తక్కువేమీ కాదు. కుర్చీలో కూర్చుని కాలు చాచి పది లెక్కపెట్టి దించడానికి జిమ్ము అక్కర్లేదు. బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని కొలిచి చూపారు. మాత్ర కావలసిన రోజుల్లో వేసుకోవచ్చు. మోకాలికి, చేతివేళ్లకు ముందు డైక్లోఫెనాక్ పూత మందు వాడి చూడటం మేలు, కడుపుకు, కిడ్నీకి అది తక్కువ ముప్పు. నెలల తరబడి షాపులో అడిగి తెచ్చుకునే మాత్ర బీపీ, షుగరు ఉన్నవాళ్ల కిడ్నీలను దెబ్బతీస్తుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎందరినో పట్టి పీడిస్తున్న కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. అలాంటి చోట రోజువారీ నొప్పి మాత్ర మరింత ప్రమాదం.

డాక్టరుకు ఓపీలో రోగికి మూడు నిమిషాలు కూడా దొరకవు, ఈ పరీక్షలన్నీ ఎక్కడ చేసేది అని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. మూడు నిమిషాల్లో రాసే అనవసరపు స్కానింగు తర్వాత మూడు సార్లు ఓపీకి తిప్పుతుంది. అదీగాక ఈ పని అంతా డాక్టరే చేయనక్కర్లేదు. ఏం పని చేస్తారు, పొద్దున పట్టు ఎంతసేపు, జ్వరం ఉందా, ఏ పొట్లాలు వాడుతున్నారు అన్న నాలుగు ప్రశ్నలు నర్సు అడిగి చీటీ మీద రాయగలదు. ప్రతి సామాజిక ఆరోగ్య కేంద్రంలో ఒక ఫిజియోథెరపిస్టు ఉంటే భుజం, తుంటి, మోకాలి బాధల్లో ఎక్కువ భాగం అక్కడే తీరతాయి. ఇక్కడున్న వైద్య విద్యార్థులను నేను కోరేది, నొప్పి ఉన్నచోట వేలు పెట్టి చూపించమని రోగిని అడగకుండా ఏ చీటీ రాయవద్దని. ప్రభుత్వాన్ని కోరేది ఇంకా చిన్నది. 1996 చట్టంతో మొదలైన సెస్సు భవన నిర్మాణ ఖర్చు మీద కనీసం ఒక శాతం చొప్పున వసూలవుతోంది, ఆ డబ్బు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులకు చేరుతోంది. బండలు, టైల్స్ పరిచే ప్రతి కార్మికుడికీ ఆ నిధిలోంచి ఏడాదికి ఒక జత మోకాలి మెత్తలు ఇవ్వండి.